సంఘము బండి, పెద్ద శబ్దము, చిన్న బ్యాటరీ



ఈ నెల మేము బండి వైరింగు గురించి వ్రాస్తున్నాము. సంఘకాపరికి వైరింగుతో పనేమిటని మీరు అనుకోవచ్చును. మా చుట్టుప్రక్కల చాలా సంఘములలో ఇప్పుడు ఒక జీపో, ఒక వ్యానో ఉన్నది. దానిమీద పెద్ద యాంప్లిఫయరు, బాక్సులు కట్టాలని యౌవనస్థులు కోరుతున్నారు. కొన్నిచోట్ల కట్టేశారు కూడా. కట్టిన తరువాత బ్యాటరీ డౌనయిందనీ, లైట్లు మినుకుమంటున్నాయనీ, తీగలు కాలిన వాసన వస్తున్నదనీ మాతో చెప్పినవారున్నారు. మా సంఘములో ఈ పని ఎలా తలపెట్టామో, ఎలా ముగించామో చెప్తే వారికి ప్రయోజనముంటుందని ఇది వ్రాస్తున్నాము.

మా సంఘము వజ్రపుకొత్తూరు మండలములో ఉన్నది. ఒక ప్రక్క సముద్రము, మరొక ప్రక్క జీడి, కొబ్బరి, పనస తోటలు. సంఘస్థులలో సగంమంది వేటకు పోయేవారు, సగంమంది తోటల్లో కూలికి పోయేవారు. వారి కానుకలతో కొన్న పాత డీజిల్ జీపు ఒకటి మాకున్నది. దానికి మూడు పనులు. ఆదివారము నడవలేని పెద్దలను ఆరాధనకు తీసుకురావడము మొదటిది. ఊరూరా జరిగే కూటములకు మైకు సెట్టు మోయడము రెండవది. రాత్రివేళ రోగిని పలాసకో, టెక్కలికో చేర్చడము మూడవది. ఈ మూడవ పని ఎందుకింత ముఖ్యమో ఉద్దానము వారికి వేరే చెప్పనక్కరలేదు. మూత్రపిండాల జబ్బు లేని వీధి ఇక్కడ అరుదు. ఎంతమంది పరిశోధించినా ఆ జబ్బుకు కారణము ఇదేనని ఇంకా తేలలేదు. వారానికి రెండు, మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లి, ఒక్కోసారి నాలుగేసి గంటలు మిషను ప్రక్కన పడుకొని వచ్చేవారు మా సంఘములోనే కొందరున్నారు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభమైన తరువాత దూరము కొంత తగ్గింది. అయినా అర్ధరాత్రి ఆయాసము వచ్చినవారికి పలాస కూడా దూరమే.

యౌవనస్థుల కోరిక కూడా వట్టి సరదా కాదు. దాని వెనుక ఒక కథ ఉన్నది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరము దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి, మధ్యమధ్య 165 వరకు విసురు. తాతల నాటి కొబ్బరి చెట్లు విరిగాయి. జీడి తోటలు వేళ్లతో లేచిపోయాయి. కరెంటు స్తంభాలు వరుసగా నేలకొరిగాయి. ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఫోన్లు చచ్చిపోయాయి. అప్పుడు మా జీపు బ్యాటరీ మీద ఒక చిన్న యాంప్లిఫయరు, ఒక బాకా పెట్టుకొని, నీళ్ల ట్యాంకరు ఏ వీధికి వచ్చిందో, బియ్యము ఎక్కడ ఇస్తున్నారో, పాముకాటుకు మందు ఎక్కడ దొరుకుతుందో చెప్పుకుంటూ తిరిగాము. ఆ బాకా శబ్దము వీధి చివరికి అందేది, తోటల్లోని ఇళ్లకు అందేది కాదు. మన సెట్టు పెద్దదై ఉంటే వారు కూడా వినేవారు గదా అని అప్పటినుంచి మా యౌవనస్థుల మనస్సులో ఉండిపోయింది.

ఆ మాట ఒక క్రిస్మసుకు ముందు సంఘపెద్దల కూటములో పైకి వచ్చింది. డబ్బాపై 5000 వాట్లని వ్రాసి ఉన్న యాంప్లిఫయరును ఒక సహోదరుడు విశాఖపట్నములో చూసివచ్చాడు. రెండు పెద్ద ఊఫర్లు, నాలుగు బాక్సులు కలిపి ఇంతకు వస్తుందని ధర కూడా చెప్పాడు. చందాలు వేసుకోవడానికి పిల్లలు సిద్ధముగా ఉన్నారు. పెద్దలలో కొందరు సరే అన్నారు, కొందరు ఆర్భాటమెందుకన్నారు. అప్పుడు స్త్రీల సమాజములోనుంచి ఒక తల్లి లేచింది. ఆమె కుమారునికి డయాలసిస్ జరుగుతున్నది.

"పాటలు ఎన్నైనా ఏసుకోండి అయ్యగారూ, నానొద్దన్ను. రేతిరి రెండుగంటలకి మా గుంటడికి ఊపిరాడకపోతే బండి మాత్రం ఎత్తుకోవాల. అది ఎత్తుకుంటాదా, నేదా? అదొక్కటీ సెప్పండి" అని అడిగి కూర్చున్నది.

కూటము నిశ్శబ్దమైపోయింది. ఆ ప్రశ్నకు అక్కడున్నవారెవరికీ జవాబు తెలియదు. గోపురము కట్టగోరినవాడు ముందు కూర్చుండి తన దగ్గరున్నది చాలునో లేదో లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన సంగతి అందరికీ జ్ఞాపకమే. అందుచేత కొనడానికి ముందు లెక్క చూద్దామని తీర్మానించాము. కాశీబుగ్గలో బండ్ల వైరింగు పనిచేసే ఒక సహోదరుని పిలిపించాము. అతడు మల్టీమీటరు, నోటుపుస్తకము తెచ్చుకొని మా అరుగుమీద కూర్చొని ఒక సాయంకాలమంతా చెప్పిన సంగతులివి.

"అయ్యగారూ, మీ ఇంటిమీద నీళ్ల తొట్టి ఉంది గదా, బ్యాటరీ అలాంటిది. నూతిలోనుంచి తొట్టి నింపే మోటారు లాంటిది డైనమో. తొట్టినుంచి పంపుకు వచ్చే గొట్టమే ఈ తీగ. మీరు ఏనుగు తొండమంత పంపు బిగించి, చిన్న మోటారూ సన్నగొట్టమూ అలాగే ఉంచితే ఏమవుతుంది? కాసేపు వస్తుంది, తరువాత తొట్టి ఖాళీ" అన్నాడు.

బండి బ్యాటరీలో ఆరు గదులుంటాయి. నిండుగా ఉండి, ఇంజను ఆపి ఉంచినప్పుడు మీటరుమీద 12.6 వోల్టులు చూపిస్తుంది. 12 వోల్టులకు దిగిందంటే చాలావరకు ఖాళీ అయినట్లే. ఇంజను నడుస్తున్నప్పుడు డైనమో దానిని నింపుతూ 13.8 నుంచి 14.4 వరకు నిలబెడుతుంది. ఈ నాలుగు అంకెలు తెలిస్తే సగము వైద్యము తెలిసినట్లేనని అతడన్నాడు.

తరువాత యాంప్లిఫయరు లెక్క. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. అయితే యాంప్లిఫయరు తాను తీసుకున్నదంతా శబ్దము చేయదు, కొంత వేడిగా పోతుంది. పాత పద్ధతి ఏబీ క్లాసు యాంప్లిఫయరు తీసుకున్నదానిలో ఇంచుమించు సగమే స్పీకరుకు ఇస్తుంది. కొత్త డి క్లాసువి 100కి 80, 90 వంతులు ఇస్తాయి. నిజముగా 1000 వాట్లు ఇచ్చే ఏబీ క్లాసు సెట్టుకు పూర్తి బలము మీద 1800 వాట్లు పొయ్యాలి. 13.8తో భాగిస్తే 130 ఆంపియర్లు. డి క్లాసుదైనా 85 ఆంపియర్లు. మా జీపు డైనమో మీద వ్రాసి ఉన్నది 60 ఆంపియర్లు. అదికూడా ఇంజను బాగా తిరిగేటప్పుడు ఇచ్చే లెక్క. బండి నిలబడి ఇంజను మెల్లగా ఆడుతున్నప్పుడు అందులో సగమైనా వస్తే గొప్ప. క్రిస్మసు ఊరేగింపులో బండి నడిచేదంతా మనిషి నడకే గనుక ఆ సగమే మనకు లెక్క. 30 ఆంపియర్లలో హెడ్‌లైట్లకు 8, మిగిలిన లైట్లు, ఫ్యాను వగైరాలకు ఇంకొక 6, 7 పోతే మిగిలేది 15. అంతకు మించి లాగినదంతా బ్యాటరీలోనుంచి పోతుంది. పాట బాగానే మ్రోగుతుంది. రాత్రి రెండుగంటలకు సెల్ఫు మాత్రము తిరగదు. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది.

పెద్ద డైనమో వేయించవచ్చునా అని యౌవనస్థులు అడిగారు. వేయించవచ్చును. బాగా పెద్ద సెట్టు కావాలంటే అది తప్పదు కూడా. కాని ఆ కరెంటు ఊరికే రాదు. 1800 వాట్లు పుట్టించడానికి ఇంజను మీద నాలుగు గుర్రాల బలమంత భారము పడుతుంది. ఆ భారము డీజిలే మోయాలి. బెల్టు జారకుండా చూసుకోవాలి. ఆ డైనమో మన బండి బ్రాకెట్టుకు సరిపోవాలి. ఇవన్నీ చేసినా ఇంజను మెల్లగా ఆడేటప్పుడు ఎంత ఇస్తుందో అడిగి తెలుసుకోవాలి. డబ్బామీద వ్రాసిన పెద్ద అంకె అప్పుడు చెల్లదు.

డబ్బామీది అంకెలంటే 5000 వాట్ల సంగతి కూడా చెప్పాలి. ఆ యాంప్లిఫయరు వెనుక ఫ్యూజు ఎంతదో చూసి రమ్మని మా సహోదరునితో అన్నాడు. అతడు ఫోను చేసి కనుక్కుంటే 30 ఆంపియర్లని తేలింది. 30ని 13.8తో గుణిస్తే 414 వాట్లు. ఆ తీగలోనుంచి ఆ ఫ్యూజు దాటి పెట్టెలోనికి అంతకంటే ఎక్కువ నిలకడగా వెళ్లదు. లోపలికి 414 వెళ్తే బయటికి 5000 ఎలా వస్తుంది? ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్నో అడిగి, ఫ్యూజుతో సరిచూసుకుంటే దుకాణములో ఎవరూ మోసపోనక్కరలేదు.

ఇంకొక సంగతి మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దము రెట్టింపు అవుతుందని మనమందరము అనుకుంటాము. అది 3 డెసిబెల్‌లు మాత్రమే పెరుగుతుంది. చెవికి రెట్టింపుగా వినిపించాలంటే 10 డెసిబెల్‌లు పెరగాలి, అంటే వాట్లు పది రెట్లు కావాలి. దూరము రెట్టింపయినప్పుడెల్లా ఆరుబయట 6 డెసిబెల్‌లు తగ్గిపోతుంది. కాబట్టి వాట్లను పెంచుకుంటూ పోయి దూరాన్ని జయించడము బహు ఖరీదైన పని. స్పీకరు సంగతి అలాగాదు. కార్లలో పెట్టే ఊఫరుకు ఒక్క వాటు ఇస్తే ఒక మీటరు దూరములో 88, 90 డెసిబెల్‌లు వస్తుంది. అదే ఒక్క వాటు మన పాత బాకాకు ఇస్తే 105 నుంచి 110 వరకు వస్తుంది. ఆ 20 డెసిబెల్‌ల తేడా వంద రెట్ల వాట్లతో సమానము. మాటకు స్పష్టత ఇచ్చేది సన్నని స్వరాలే. గుండెమీద కొట్టినట్లుండే లావు శబ్దమే కరెంటంతా తినేది. తోటల్లో ఉన్న ఇంటికి నీళ్ల ట్యాంకరు కబురు చేరవేయడానికి ఊఫరు అక్కరలేదు. మంచి బాకాలు రెండు, సరియైన దిక్కుకు తిప్పి ఎత్తుగా కట్టితే చాలును.

ఇది విన్న తరువాత యౌవనస్థులే తమ కోరికను మార్చుకున్నారు. మేము బలవంతపెట్టలేదు. మాటకు రెండు కొత్త బాకాలు, పాటకు రెండు మధ్యరకము బాక్సులు, వాటికి నిజముగా 400 వాట్లిచ్చే డి క్లాసు యాంప్లిఫయరు ఒకటి కొందామన్నారు. దానికి పూర్తి బలము మీద 34 ఆంపియర్లు కావాలి. కాని పాటైనా ప్రసంగమైనా ఎల్లప్పుడూ పూర్తి బలము మీద ఉండదు, ఎగసి పడుతూ ఉంటుంది. సగటున మూడవ వంతు, అంటే 12 ఆంపియర్ల లోపు. మిగిలిన 15లో అది సరిపోతుంది.

పని మొదలుపెట్టిన రోజున మా పిల్లలు ఇంటి వైరింగుకు వాడే 2.5 స్క్వేర్ తీగ చుట్ట ఒకటి తెచ్చారు. వైరింగు సహోదరుడు దానిని ప్రక్కన పెట్టి మళ్లీ లెక్క వేశాడు. బండి ముందునుంచి వెనుకకు అయిదు మీటర్లు. ఆ తీగలో 34 ఆంపియర్లు పోతే దారిలోనే 1.2 వోల్టులు హరించిపోతాయి. 40 వాట్ల వేడి ఆ తీగలోనే పుడుతుంది. చాపక్రింద, సీటుక్రింద గాలి తగలని చోట ఆ వేడి ఎక్కడికి పోతుంది? అదే అయిదు మీటర్లకు 25 స్క్వేర్ రాగి తీగ వేస్తే నష్టము వోల్టులో పదవ వంతు, వేడి నాలుగు వాట్లు. రాగి పూసిన అల్యూమినియము తీగ చూపుకు లావుగానే ఉంటుంది, ధర తక్కువ. అయితే అల్యూమినియము రాగిలో 60 వంతులే కరెంటు మోస్తుంది. కొనేటప్పుడు కొస గీకి లోపల తెల్లగా ఉన్నదో ఎర్రగా ఉన్నదో చూడవలెను.

ఫ్యూజు గురించి అతడు చాలా గట్టిగా చెప్పాడు. మా ప్రాంతములోనే ఒక ఊరిలో ఒక వ్యానుకు ఫ్యూజు లేకుండా సన్నని తీగ వేశారు. రేకు అంచుకు రాసుకొని దాని తొడుగు చిరిగింది. బాడీకి తగిలి పొగ లేచింది. లోపల పిల్లలున్నారు. దేవుని దయవలన అందరూ దిగారు, సీట్లు మాత్రము కాలిపోయాయి. ఫ్యూజు ఉండవలసినది యాంప్లిఫయరును కాపాడడానికే అని చాలామంది అనుకుంటారు. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు తీగను కాపాడుతుంది. అందుచేత అది బ్యాటరీకి అడుగు, అడుగున్నర లోపలే ఉండాలి. తీగ మోయగలిగినదానికంటే పెద్దది పెట్టకూడదు. రేకు దాటేచోట రబ్బరు వాషరు ఉండాలి.

మేము చేయించిన పని వరుసగా ఇది. మొదట బ్యాటరీ మైనస్ తీగ విప్పాము, దాన్నే చివరకు బిగించాము. డైనమోనుంచి బ్యాటరీ ప్లస్‌కు వచ్చే పాత తీగకు తోడుగా లావు తీగ, దానికీ ఫ్యూజు వేయించాము. బ్యాటరీ మైనస్‌నుంచి బాడీకి, ఇంజనునుంచి బాడీకి ఎర్తు తీగలు కూడా లావువే మార్పించాము. వెళ్లే దారి ఎంత వెడల్పో తిరిగివచ్చే దారి కూడా అంత వెడల్పుండాలి. ఎర్తు బిగించేచోట రంగు గీకి, తళతళలాడే ఇనుముమీద నక్షత్రపు వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూశాము. సముద్రపు గాలికి మా దగ్గర రాగి ఆరు నెలల్లో పచ్చబడుతుంది. టెర్మినళ్లకు వాజిలీను పూయడము, నెలకొకసారి తుడిచి బిగించడము ఇప్పుడు యౌవనస్థుల వంతు.

అన్నిటికంటె ముఖ్యమైనది రెండవ బ్యాటరీ. యాంప్లిఫయరుకు వేరుగా 100 ఆంపియర్ గంటల బ్యాటరీ ఒకటి వెనుక పెట్టించాము. మనుష్యులు కూర్చుండేచోట ఆమ్లము పోసే బ్యాటరీ ఉంచకూడదు, నిండేటప్పుడు దానినుంచి మండే వాయువు వస్తుంది. కాబట్టి మూతవేసిన ఏజీఎం రకము తీసుకొని ఇనుప చట్రములో కదలకుండా బిగించాము. రెండు బ్యాటరీల మధ్య ఒక రిలే ఉన్నది. ముందు బ్యాటరీ 13.3 వోల్టులు దాటితే, అనగా ఇంజను నడిచి డైనమో నింపుతూ ఉంటే, అది రెండింటిని కలుపుతుంది. 12.8కి దిగగానే విడదీస్తుంది. ఆ తరువాత వెనుక ఎంత మ్రోగించినా ముందు బ్యాటరీలోనుంచి ఒక్క బొట్టు పోదు. కలిపే తీగకు రెండు కొసల్లోనూ ఫ్యూజులున్నాయి, ఎందుకంటే రెండు వైపులా బ్యాటరీలే. బుద్ధిగల కన్యకలు దివిటీలతో పాటు సిద్దెలలో నూనె వేరుగా ఉంచుకున్న సంగతి మా సండేస్కూలు పిల్లవాడొకడు ఆ రెండు బ్యాటరీలను చూసి చెప్పాడు. మేము ప్రసంగములో చెప్పవలసిన మాట వాడు ముందే చెప్పేశాడు.

ఆ రెండవ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంతకు మించి దింపితే దాని ఆయుష్షు తగ్గుతుంది. సగమంటే 50 ఆంపియర్ గంటలు. గంటకు 12 చొప్పున ఇంజను ఆపి నాలుగు గంటలు కూటము జరుపుకోవచ్చును. ఇంటికి వచ్చాక కరెంటు చార్జరు పెడతాము. ఖాళీ బ్యాటరీని నింపే బరువంతా డైనమోమీద వేస్తే అది వేడెక్కి పాడవుతుంది. డ్రైవరు ముందు చిన్న వోల్టుమీటరు కూడా ఉన్నది. దుకాణాలలో శబ్దము తగ్గకుండా ఉండడానికని డబ్బాలాగుండే కెపాసిటరు ఒకటి అమ్ముతారు. దానిని కొనలేదు. ఒక ఫారడ్ కెపాసిటరు మన వోల్టులలో దాచుకునే బలము, పూర్తి శబ్దము మీద సెకనులో కొద్ది వంతుకే సరి. తొట్టి ఖాళీ అయినప్పుడు చెంబెడు నీళ్లు దాచి ఏమి ప్రయోజనము?

ఖర్చు చూసుకుంటే యాంప్లిఫయరు కంటె తీగలకు, రెండవ బ్యాటరీకి, రిలేకు, ఫ్యూజులకు ఎక్కువైంది. కంటికి కనబడని వాటికి ఇంత డబ్బా అని ఒకరిద్దరు సణిగారు. మీ బండికి ఇలాంటి పని చేయించేముందు ఇన్సూరెన్సువారిని కూడా అడగండి. రిజిస్ట్రేషను పుస్తకములో ఉన్న వివరాలు మారే మార్పులకు రవాణా శాఖ అనుమతి కావాలి.

శబ్దము పెంచే శక్తి వచ్చిన తరువాత దానిని ఎంతవరకు వాడాలన్నది మరొక ప్రశ్న. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారము మైకుకు వ్రాతపూర్వకమైన అనుమతి కావాలి. రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు ఆరుబయట మైకు వేయకూడదు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారము రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది. ఆసుపత్రికి, బడికి, కోర్టుకు నిశ్శబ్ద మండలముగా 100 మీటర్ల దూరము విడవాలి. అదే 2000 ఆగస్టులో చెన్నైలోని ఒక సంఘము వ్యాజ్యములోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మైకులతో ఇతరుల శాంతిని భంగపరచి ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పలేదని ఆ తీర్పు సారాంశము. అందులో అప్పీలు చేసినది మన సహోదర సంఘమే గనుక మనము దానిని మరింత శ్రద్ధగా చదవాలి. డయాలసిస్ చేయించుకొని వచ్చినవాడు ఆ సాయంత్రము బట్టలా వాడిపోయి పడుకుంటాడు. అతని కిటికీముందు మన పాట ఎంత మధురమైనా అతనికి అది బరువే. ఆ ఇళ్లు ఏవో మా డ్రైవరుకు తెలుసు. అక్కడ శబ్దము తగ్గించి, బాకాలు మరొక దిక్కుకు తిప్పి, మెల్లగా దాటిస్తాడు. పరీక్షల నెలల్లో సాయంకాలపు కూటములకు బాక్సులు అసలు దించము.

ఆ సంవత్సరము డిసెంబరు 24న ఊరేగింపు ఐదు వీధులు తిరిగింది. సరిగ్గా 10 గంటలకు సెట్టు ఆపాము. పిల్లలు సంతోషముగా ఇండ్లకు వెళ్లారు, బండిని గుడి ప్రక్కన పెట్టాము. రెండు దాటాక తలుపు తట్టిన చప్పుడైంది. కూటములో లేచి ప్రశ్న అడిగిన ఆ తల్లే. కుమారునికి ఒళ్లంతా నీరుపట్టి ఊపిరి అందడము లేదు. డ్రైవరు తాళము తిప్పాడు. మీటరు 12.6 చూపించింది. మొదటి తిప్పుకే ఇంజను అందుకున్నది. పలాస చేరేవరకు ఆమె కుమారుని తల ఒడిలో పెట్టుకొని కూర్చున్నది, మేము ముందు సీట్లో కూర్చొని ప్రార్థించుకున్నాము. వెనుక బాకాలు, బాక్సులు అలాగే కట్టి ఉన్నాయి. వేళకు చేరాము. తెల్లవారి క్రిస్మసు ఆరాధనకు మేము అరగంట ఆలస్యముగా వచ్చాము. అంతవరకు సంఘపెద్ద ఒకరు ప్రార్థన నడిపించారు. ఆలస్యమెందుకైందో విన్నప్పుడు సణిగినవారిలో ఒకరు కృతజ్ఞతార్పణ తెచ్చి, తీగల ఖర్చులో మిగిలిన బాకీకి జమకట్టుమన్నారు.

కావున మీ సంఘములో బండిమీద పెద్ద సెట్టు కట్టాలన్న మాట వచ్చినప్పుడు యౌవనస్థులను గద్దించి పంపవద్దు. వారిని కూర్చోబెట్టి కాగితము ఇవ్వండి. డైనమో ఎన్ని ఆంపియర్లు, మెల్లగా ఆడేటప్పుడు ఎన్ని, బండికి ఎన్ని పోతాయి, మిగిలేవి ఎన్ని, యాంప్లిఫయరు ఫ్యూజు ఎంత, తీగ ఎన్ని స్క్వేర్, బ్యాటరీనుంచి ఫ్యూజు ఎంత దూరము అన్న ఈ ఏడింటికి వారిచేతనే జవాబులు వ్రాయించండి. తరువాత ఆ బండి మీద ఆధారపడిన రోగులు, వృద్ధులు ఎవరెవరో పేర్లు వ్రాయించండి. ఆ రెండు కాగితాలు ప్రక్కప్రక్కన పెట్టి ప్రార్థించి తీర్మానించుకోండి.

మా జీపు వెనుక బ్యాటరీకి ఈ వర్షాకాలము తరువాత మళ్లీ పరీక్ష చేయించాలి. తుఫానుల నెలలు వస్తున్నాయి. ఉద్దానము తీరమందున్న మా ఊళ్ల కొరకును, డయాలసిస్‌కు తిరుగుతున్న మా సహోదరుల కొరకును ప్రార్థించమని మిమ్మును కోరుచున్నాము.